గోడ, కంచె, కెమెరా అన్నీ ఉన్నా మిలిటరీ స్టేషన్లోకి బయటివాళ్లు ఎలా దూరుతున్నారు? క్లాసు కోసం వివరాలు కావాలి

వంశధార_అకాడమీ (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. మేం అగ్నివీర్ కుర్రాళ్లకి తర్ఫీదు ఇస్తుంటాం. ఈసారి మాజీ సైనికుల బ్యాచ్ ఒకటి వచ్చింది. కొందరు రక్షణ స్థావరాలకి కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరేవాళ్లు (డీఎస్సీ అని రాస్తే మన జిల్లాలో టీచరు పోస్టులు అనుకుంటారని పూర్తి పేరు రాశాను), కొందరు పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్లుగా వెళ్లేవాళ్లు. వాళ్లకి ఒక పూట క్లాసు చెప్పాలి.

అందరూ సర్వీసు చేసినవాళ్లే, సంత్రీ డ్యూటీ అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. అడుగుతున్నది ఏటంటే, పంజాబ్‌లోని పఠాన్‌కోట్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ లాంటి చోట ఇంత కాపలా ఉండి కూడా లోపలికి రాగలిగారంటే ఎక్కడ తప్పుతోంది? కోట్లు ఖర్చయ్యే పనులు వీళ్ల చేతిలో ఉండవు. గార్డు కమాండర్ స్థాయిలో, ఉన్న సరంజామాతోనే, రేపు పొద్దున డ్యూటీలో చేయగలిగినవి చెప్పండి. నిర్వచనాలు వద్దు, పుస్తకాల్లో ఉన్నాయి.

మాజీ_హవల్దార్_బొబ్బిలి:

మాస్టారూ, క్లాసు గోడతో మొదలెట్టకండి, గడియారంతో మొదలెట్టండి. గోడ ఎవర్నీ ఆపదు, కాసేపు ఆలస్యం చేస్తుంది అంతే. ఆ కాసేపట్లో మనవాళ్లు అక్కడికి చేరారా లేదా అన్నదే అసలు లెక్క.

బోర్డు మీద ఇలా వేయండి. గోడ, దాని మీద తీగ దాటడానికి 60 సెకన్లు. అక్కణ్ణుంచి లోపలి కంచె దాకా 600 మీటర్లు; చీకట్లో సెకనుకి 3 మీటర్ల చొప్పున 200 సెకన్లు. లోపలి కంచెకి ఇంకో 40. మొత్తం 300 సెకన్లు. కబురు అందిన దగ్గర్నుంచి క్విక్ రియాక్షన్ టీమ్ చేరడానికి 240 సెకన్లు పడుతుందనుకోండి. చొరబాటుని గోడ దగ్గరే కనిపెడితే నిమిషం మిగులుతుంది. లోపలి కంచె దగ్గర కనిపెడితే మన చేతిలో ఉన్నది 40 సెకన్లే, అంటే టీమ్ 3 నిమిషాల 20 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అదే గోడ, అదే టీమ్. కనిపెట్టిన చోటు మారింది, ఫలితం తిరగబడింది. ఇవి ఊరికే వేసిన అంకెలు. ఎవరి స్టేషన్‌కి వాళ్లు నడిచి, స్టాప్‌వాచ్ పెట్టి కొలుచుకోవాలి. టీమ్ టైము కొలిచేటప్పుడు ముందే చెప్పి కొలిస్తే పనికిరాదు. తెల్లవారుజామున 3 గంటలకి, బూట్లు విప్పి పడుకున్న స్థితి నుంచి కొలవాలి. బండి తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఆయుధాలు ఏ గదిలో ఉన్నాయి అన్న దగ్గరే నిమిషాలు పోతుంటాయి. గోడ 3 అడుగులు పెంచినా అంత టైము కలిసిరాదు.

ఇప్పుడు పఠాన్‌కోట్. ఉగ్రవాదుల దాడి 2016 జనవరి 2 తెల్లవారుజామున జరిగింది. సమాచారం లేక జరిగింది కాదు. ముందురోజే హెచ్చరిక ఉంది, ఎన్‌ఎస్‌జీ కమాండో దళం కూడా స్టేషన్‌కి చేరింది. అయినా లోపలికొచ్చారు. చుట్టుకొలత సుమారు 24 కిలోమీటర్లు. గోడని ఆనుకుని చెట్లు, లోపల మనిషి దాక్కునేంత గడ్డి, పొదలు. గోడ వెంబడి గస్తీ తిరగడానికి సరైన రోడ్డు కూడా లేదని తర్వాత పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టింది. అంటే సమాచారం అందింది గానీ, ఆ 24 కిలోమీటర్లలో ఏ మీటరు దగ్గర చూడాలో తేలలేదు. మొత్తం ఏడుగురు మనవాళ్లు పోయారు, వాళ్లలో ఐదుగురు డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ వాళ్లే. సిపాయి జగదీశ్ చంద్ చేతిలో ఆయుధం లేకుండానే వెంటపడి, ఉగ్రవాది తుపాకీ లాక్కుని వాణ్ణి చంపి తనూ పోయాడు. మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చారు. ఈ పేరు మీ బ్యాచ్‌కి తప్పకుండా చెప్పండి. చెప్పాక ఇంకో ప్రశ్న కూడా వేయండి: హెచ్చరిక ఉన్న రోజున డ్యూటీలో లేనివాళ్ల ఆయుధాలు ఎక్కడుండాలి? వంటింట్లో ఉన్నవాడి రైఫిల్ కోత్‌లో (ఆయుధాల గదిలో) తాళమేసి ఉంటే ఆ హెచ్చరికకి అర్థం లేదు.

ఇంకొకటి. లెఫ్టినెంట్ కల్నల్ నిరంజన్ చనిపోయింది కాల్పుల్లో కాదు. చచ్చిన ఉగ్రవాది శవం దగ్గర బాంబు పేలి. బాంబు నిర్వీర్యం చేయడమే ఆయన పని, అయినా పోయారు. కాబట్టి పడిపోయినవాడి దగ్గరికి సంత్రీ వెళ్లకూడదు, జేబులు వెతకకూడదు, ఫొటోల కోసం అసలే కాదు. దూరంగా చుట్టూ కాపలా పెట్టి బాంబు దళం వచ్చేదాకా ఆగాలి.

ఇక గార్డు కమాండర్ చేతిలో ఉన్న పనులు. గోడకి ఆనుకున్న చెట్ల కొమ్మలు కొట్టించడం, గడ్డి కోయించడం. అమెరికా రక్షణ శాఖ కొలత ప్రకారం కంచె బయట 20 అడుగులు, లోపల 30 అడుగులు ఖాళీగా ఉండాలి. మన దగ్గర అంత జాగా దొరకని చోట్లు ఉంటాయి. లోపలి వైపైనా పూర్తిగా శుభ్రం చేయించాలి. వానాకాలంలో ఒకసారి కోయిస్తే సరిపోదు, జూలై నుంచి అక్టోబరు దాకా గడ్డి నెలకే నడుం దాకా లేస్తుంది. కాలవలు, తూములు ఎవరూ చూడరు. 96 చదరపు అంగుళాలు మించి, అడ్డంగా గానీ నిలువుగా గానీ 6 అంగుళాల కంటే తగ్గని ప్రతి కంతకీ ఊచలు ఉండాలి. ఊచలు ఉన్నాయని చూసి వచ్చేయకండి, కాలు పెట్టి తోసి చూడాలి. నీళ్లలో మునిగే భాగమే ముందు తుప్పు తింటుంది.

గస్తీ వేళలు మార్చాలని అందరికీ తెలుసు, ఎవరూ మార్చరు. భోజనం టైముని బట్టి, టీ టైముని బట్టి గస్తీ తనంతట తానే ఒక వేళకి అలవాటు పడిపోతుంది. గార్డు రూములో చీట్లు వేసి, ఆ రాత్రి వేళలు ఆ రాత్రే తీయండి. గస్తీ ఒక్కోసారి వచ్చిన దారినే వెనక్కి తిరగాలి.

సెన్సార్_మెకానిక్_విజయనగరం:

హవల్దార్ గారు చెప్పిన ‘కనిపెట్టడం’ దగ్గర నేను కలుపుతాను. సెన్సార్లు పెట్టగానే పని అయిపోయినట్టు కాదు. ఇల్లు అలకగానే పండగ అయిపోదు.

మళ్లీ లెక్కే. 24 కిలోమీటర్ల కంచెని 100 మీటర్ల జోన్లుగా విడగొడితే 240 జోన్లు. ఒక్కో జోన్ రోజుకి రెండే రెండు ఉత్తుత్తి అలారాలు ఇచ్చినా రోజుకి 480. అంటే ప్రతి 3 నిమిషాలకి ఒకటి మోగుతుంది. మొదటి వారం ఆపరేటర్ ప్రతిదానికీ కెమెరా తిప్పి చూస్తాడు. నెల తిరిగేసరికి చూడకుండానే బటన్ నొక్కి ఆపేస్తాడు. నాన్నా పులి కథే. అతన్ని తిట్టి లాభం లేదు, తప్పు జోన్లది.

దీనికి నిలువుటద్దం లాంటి సంఘటన అమెరికాలో ఓక్ రిడ్జ్‌లో ఉన్న వై-12 అణు కేంద్రం. 2012 జూలై 28న ముగ్గురు శాంతి కార్యకర్తలు, అందులో 82 ఏళ్ల క్రైస్తవ సన్యాసిని ఒకరు, కంచెలు కత్తిరించుకుంటూ యురేనియం నిల్వ చేసే భవనం గోడ దాకా వెళ్లారు. సెన్సార్లు పనిచేశాయి, అలారం మోగింది. కానీ జంతువుల వల్ల అక్కడ అలారం మోగడం రోజూ ఉన్నదే. ఆ చోటు చూడాల్సిన కెమెరా నెలల తరబడి పాడై ఉంది. గోడ మీద సుత్తి దెబ్బలు వినిపిస్తే మరమ్మతు కూలీలనుకున్నారు. ఒక్కొక్కటీ చిన్నదే. మూడూ ఒకే రాత్రి ఒకే చోట కలిశాయి.

మన ప్రాంతంలో ఉత్తుత్తి అలారాలకి కారణాలు ఇవీ. కంచెకి కట్టే వైబ్రేషన్ కేబుల్: కంచె వదులుగా ఉంటే గాలికే మోగుతుంది. తీగలు అల్లుకున్నా, మేకలు ఒళ్లు రుద్దుకున్నా, కోతులు ఎక్కినా అంతే. ముందు కంచె బిగించాలి, తర్వాతే సెన్సార్ సెన్సిటివిటీ ముట్టుకోవాలి. చాలాచోట్ల ఉల్టా చేస్తారు. మోత భరించలేక సెన్సిటివిటీ తగ్గించేస్తారు, అప్పుడు మనిషి ఎక్కినా పలకదు. మైక్రోవేవ్ సెన్సార్‌కి ఎత్తుపల్లాలు, ఎత్తు గడ్డి పడవు. భూమిలో పాతిన కేబుల్ ఉన్నచోట నీళ్లు నిలవకూడదు. రాత్రి కెమెరాలకి పెద్ద శత్రువు సాలెపురుగు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి పురుగులు, పురుగుల కోసం సాలెపురుగు, లెన్స్ ముందు గూడు. ఒక్క పోగు గాలికి ఊగితే తెర మొత్తం తెల్లగా మెరుస్తుంది. వానాకాలంలో వారానికోసారి తుడవాలి. నిచ్చెన, బ్రష్షు, గుడ్డ, అరగంట పని.

భీమిలి, కళింగపట్నం, బారువ లాంటి ఒడ్డున ఉప్పుగాలి ఇంకో సంగతి. చైన్‌లింక్ జాలీ బాగానే కనబడుతుంది. దాన్ని స్తంభానికి బిగించిన కట్టుతీగలు, అడుగున నేలని తాకే వరస, గేటు బందులు ముందు పోతాయి. దూరం నుంచి చూస్తే కంచె నిలబడే ఉంటుంది, చేత్తో లాగితే ఊడొస్తుంది. నెలకోసారి ప్రతి స్తంభం దగ్గరా ఆగి చేత్తో ఊపి చూడాలి. నేలకీ జాలీకీ మధ్య 2 అంగుళాలకి మించి సందు ఉండకూడదు. ఇసుక నేలలో ఒక్క గాలివానకే ఆ సందు జానెడవుతుంది.

తుపాను తర్వాత ఏం చేయాలో చాలా చోట్ల రాసిపెట్టుకోరు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఎలా ఊడ్చేశాయో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. చెట్టు గోడ మీద పడుతుంది, కరెంటు ఉండదు, యూపీఎస్ నాలుగైదు గంటల్లో ఖాళీ, కెమెరా స్తంభాలు వంగి ఆకాశం చూస్తుంటాయి. కూలిన ప్రతి చోటా మరమ్మతు అయ్యేదాకా మనిషిని నిలబెట్టాలి. ఎక్కడ కూలితే ఎవరు నిలబడాలో, వైర్‌లెస్ బ్యాటరీలు ఎన్ని నిండుగా ఉండాలో తుపాను హెచ్చరిక వచ్చిన రోజే పంచుకోవాలి, గాలి ఆగాక కాదు.

నెల్లిమర్ల_కుర్రోడు:

ఇన్ని పాట్లు ఎందుకండీ, మనుషుల్ని తగ్గించి మొత్తం స్మార్ట్ ఫెన్స్ పెట్టేస్తే అయిపోద్ది కదా? ఇజ్రాయెల్‌లో ఉన్నట్టు.

మాజీ_హవల్దార్_బొబ్బిలి:

తమ్ముడూ, నువ్వన్న ఆ కంచె దగ్గరే 2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగింది. చిన్న డ్రోన్లతో టవర్ల మీది కెమెరాల్నీ, దూరం నుంచి నడిపే తుపాకుల్నీ, సిగ్నల్ పరికరాల్నీ ముందు కొట్టేశారు. కళ్లు పోయాక కంచె వట్టి ఇనుమే. గాజా సరిహద్దు పక్కనున్న నహల్ ఓజ్ సైనిక స్థావరం మీద పడేసరికి లోపలివాళ్లకి ఎక్కడ ఏం జరుగుతోందో తెలియలేదు. మనుషులు లేని టవరు సంగతి ఇంకోటి: అఫ్గానిస్థాన్‌లో క్యాంప్ బాస్టియన్, 2012 సెప్టెంబరు 14. అమెరికన్ యూనిఫాంలు వేసుకున్న 15 మంది తాలిబన్లు తీగ కత్తిరించి వచ్చి ఆరు హారియర్ విమానాల్ని తగలబెట్టారు, ఇద్దరు మెరైన్లు చనిపోయారు. వాళ్లు వచ్చిన వైపు టవరులో ఆ రాత్రి ఎవరూ లేరు. తర్వాత ఇద్దరు జనరళ్లు పదవులు వదులుకోవాల్సి వచ్చింది. సెన్సార్ వద్దనట్లేదు. సెన్సార్ చెప్పింది చూసే కన్ను, చూశాక పరిగెత్తే కాలు రెండూ ఉంటేనే దాని విలువ.

గేటు_డ్యూటీ_రాజాం:

అందరూ గోడ చుట్టూనే తిరుగుతున్నారు. చాలామంది దర్జాగా గేటులోంచే వెళ్తారు.

2021 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పక్కన జాయింట్ బేస్ ఆండ్రూస్. అమెరికా అధ్యక్షుడి విమానం ఉండే చోటు. ఏ కార్డూ లేని ఒకడు కారులో మెయిన్ గేటుకి వచ్చాడు, కాపలావాడు లోపలికి వదిలేశాడు. విమానాల వైపు వెళ్లే ఆటోమేటిక్ గేటు సరిగ్గా మూసుకోలేదు, అందులోంచి నడిచి వెళ్లి ఒక విమానం ఎక్కేశాడు. గోడ దూకలేదు, తీగ కోయలేదు.

కాబట్టి గేటు దగ్గర కార్డు కళ్లతో చూడటం కాదు, చేతిలోకి తీసుకోవాలి. ఫొటో, మొహం, గడువు తేదీ, ఈ మూడూ ప్రతిసారీ. కారులో నలుగురుంటే నాలుగు కార్డులు. హెల్మెట్, మాస్కు తీయాలి. రోజూ వచ్చే పాలవాడికి, కాంట్రాక్టరు మేస్త్రికి ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే అలవాటైన మొహాన్ని కార్డు అడగడానికి మొహమాటం. కాంట్రాక్టు కూలీల పాసులు సాయంత్రం తిరిగి లెక్కపెట్టండి. పొద్దున 62 ఇచ్చి సాయంత్రం 61 వస్తే, ఆ ఒక్కటీ దొరికేదాకా గార్డు మారకూడదు. ఆటోమేటిక్ గేటు వెళ్లే బండి వెనకే మూసుకునేదాకా చూసి కదలాలి. సగంలో ఆగిపోతే ‘మెకానిక్ వస్తాడులే’ అని వదలకుండా మనిషిని నిలబెట్టాలి.

యూనిఫాం చూసి సెల్యూట్ కొట్టి వదిలేయడం ఇంకో జబ్బు. 2016 నవంబరు 29న జమ్మూ దగ్గర నగ్రోటా ఆర్మీ స్థావరం మీద పడ్డ ఉగ్రవాదులు పోలీసు దుస్తుల్లోనే వచ్చారు. పఠాన్‌కోట్ తర్వాత సైన్యం బట్టల కొట్లవాళ్లని, జనాన్ని బతిమాలింది, ఆర్మీ రంగు బట్టలు అమ్మొద్దు, వేసుకోవద్దని. ఇప్పటికీ సంతల్లో వేలాడుతూనే ఉన్నాయి.

బండ్ల సంగతి ఒక్క ముక్క. ఢీకొట్టే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 30 నుంచి 60కి పెరిగితే నాలుగు రెట్లు. ఎం-50 రకం అడ్డుకట్ట అంటే సుమారు 6,800 కిలోల లారీ గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చినా ఆపేది, బోలెడు ఖరీదు. అది లేనిచోట రోడ్డుని గేటు ముందు రెండు వంపులు తిప్పి ఇసుక నింపిన డ్రమ్ములు పెడితే 80తో వచ్చే అవకాశమే పోతుంది. ఇది గార్డు కమాండర్ అడిగితే యూనిట్‌లోనే అయిపోయే పని. డ్రమ్ములు ఖాళీవి పెట్టకండి, చూడ్డానికి ఒకటే గానీ తంతే దొర్లుతాయి.

వంశధార_అకాడమీ (శ్రీకాకుళం):

ఇవి క్లాసుకి సరిగ్గా సరిపోతాయి. ఇంకో రెండు అడుగుతాను. మా బ్యాచ్‌లో సగం మంది తీరప్రాంతం వాళ్లే. సముద్రం వైపు, పైనుంచి డ్రోన్ల వైపు ఏం చెప్పాలి? దొరికినవాణ్ణి ఏం చేయాలి అన్నది కూడా తగువుగా ఉంది ఇక్కడ.

బీచ్‌రోడ్_పూసపాటిరేగ:

డ్రోన్ ముందు. 2021 జూన్ 27న అర్ధరాత్రి దాటాక జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో రెండు బాంబులు వేశారు, కొద్ది నిమిషాల తేడాతో. మన దేశంలో సైనిక స్థావరం మీద ఇలాంటి దాడి అదే మొదటిది. ఆ తర్వాతే నేవీ తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర డ్రోన్ ఎగరకూడదని గట్టిగా ప్రకటించింది. 2021 డ్రోన్ నిబంధనల్లో ఎర్ర జోన్ అంటే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. జోన్ల మ్యాపు డిజిటల్ స్కై పోర్టల్లో ఉంటుంది. పెళ్లి వీడియోల కుర్రాళ్లకి ఇది తెలియక దొరికిపోతుంటారు.

సంత్రీ చేయాల్సింది: టైము, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి, సుమారు ఎత్తు, దీపం రంగు, మోత. ఈ ఐదూ వెంటనే వైర్‌లెస్‌లో. అందరూ తలలెత్తి చూస్తూ నిలబడిపోకూడదు. పైన డ్రోన్ తిప్పుతూ కింద వేరే వైపు నుంచి రావడం చేయదగిన పనే, కాబట్టి ఒకడు పైకి చూస్తే పక్కవాడు కంచె చూడాలి. కింద పడిన డ్రోన్‌ని ముట్టుకోవద్దు, శవం గురించి హవల్దార్ గారు చెప్పిందే దీనికీ.

సముద్రం వైపు అసలు సెన్సార్ మత్స్యకారులే. 2008 నవంబరులో ముంబై మీద పడ్డవాళ్లు వచ్చింది మన చేపల పడవని లాక్కునే కదా. ఆ తర్వాత మొత్తం సముద్ర భద్రత నేవీకి అప్పగించారు, జాలర్లకి బయోమెట్రిక్ కార్డులు, పడవలకి రంగులు, నంబర్లు వచ్చాయి. సాగర్ కవచ్ విన్యాసాల్లో మన మెరైన్ పోలీసులు, కోస్ట్‌గార్డు, ఊళ్ల జాలర్లు కలిసి పాల్గొంటారు. ‘శత్రువు’ వేషం వేసినవాళ్లు ఒడ్డు చేరకుండా పట్టుకోవడమే పని. పరాయి పడవ కనబడితే 1093 (తీర పోలీసు) లేదా 1554 (కోస్ట్‌గార్డు). ఏం చెప్పాలంటే పడవ రంగు, నంబరు, ఎంతమంది, వలలు ఉన్నాయా లేవా. చేపల పడవలో వలలు లేకపోతే అదే మొదటి అనుమానం. ఇంజను ఒకటికి రెండుంటే రెండోది.

గోడ, సముద్రం ఏదీ దాటకుండా జరిగేది కూడా చెప్పండి. 2019 డిసెంబరులో ఆంధ్రా పోలీసు ఇంటెలిజెన్స్ ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో నేవీ వాళ్లనే ఏడుగుర్ని పట్టుకుంది. ఫేస్‌బుక్‌లో ఆడపిల్ల పేరుతో పరిచయం, ఆ తర్వాత డబ్బు, ఓడల కదలికల సమాచారం. కంచే చేను మేసిన కేసు. ఆ నెలలోనే నేవీ స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. డ్యూటీ రోస్టర్ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం మన రిటైర్డు బ్యాచ్‌లకి బాగా అలవాటు. మొదట అది మానిపించండి.

లాయరు_చీపురుపల్లి:

దొరికినవాడి సంగతి నేను చెప్తాను. దొరికేవాళ్లలో ఎక్కువమంది గూఢచారులు కారు. గేదె తోలుకొచ్చినవాడు, తాగినవాడు, మతిస్థిమితం లేనివాడు, బంతి కోసం వచ్చిన పిల్లలు. అందుకే ‘థమ్, కౌన్ ఆతా హై’ అన్న పిలుపు ఉంది. మన ఊరి ముసలమ్మకి హిందీ రాదు, చెవుడు కూడా ఉండొచ్చు. తెలుగులో ‘ఆగు’ అని కూడా అరవడం, టార్చి మొహం మీద కాకుండా చేతుల మీద వేయడం నేర్పించండి. కాల్పుల విషయం మాత్రం ఆ స్టేషన్ స్టాండింగ్ ఆర్డర్లు ఎంత చెబితే అంతే, ఫోరంలో చర్చించేది కాదు.

అధికార రహస్యాల చట్టం, 1923 సెక్షన్ 3 కింద నిషిద్ధ ప్రదేశం దగ్గరికి దేశ భద్రతకి హాని చేసే ఉద్దేశంతో రావడమే నేరం, రక్షణ విషయమైతే 14 ఏళ్ల దాకా శిక్ష. ఉద్దేశం అన్న మాట ముఖ్యం, దాన్ని తేల్చేది పోలీసులు, కోర్టు. సైనికుడు కానివాడు మోసం చేయాలని సైనిక దుస్తులు వేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 168, మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫ్యాక్టరీకి వెళ్లే మీ సూపర్‌వైజర్లకి ఇది మరీ అవసరం: మామూలు మనిషి ఎవర్నైనా పట్టుకుంటే ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి, కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40. గార్డు రూములో రాత్రంతా కూర్చోబెట్టి, నాలుగు తగిలించి, తెల్లారి వదిలేస్తే కేసు మీ మీదే పడుద్ది. ఫోను లాక్కుని ఫొటోలు చెరిపేయకండి, సాక్ష్యం పోతుంది. కవర్లో పెట్టి సీలు చేసి, టైము రాసి, ఇద్దరి సంతకాలతో అప్పగించండి.

సెన్సార్_మెకానిక్_విజయనగరం:

మాస్టారూ, క్లాసులో అలారం రిజిస్టరు గీయించండి. వరసగా: టైము, జోన్ నంబరు, కెమెరాలో ఏం కనబడింది, మనిషిని పంపారా, ఎన్ని సెకన్లకి చేరాడు, కారణం, సంతకం. కారణం దగ్గర ‘ఫాల్స్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. మేకా, గాలా, తీగా, తెలియదా అన్నది రాయాలి. నెలాఖరుకి జోన్ల వారీగా కూడితే, 240 జోన్లలో ఏ పదో పదిహేనో సగం మోత చేస్తున్నాయని బయటపడుతుంది. ఆ పదిహేను చోట్ల కంచె బిగించి గడ్డి కోస్తే మిగతావి వినబడతాయి. ‘తెలియదు’ అని ఒకే జోన్‌లో మూడుసార్లు వస్తే ఆ రాత్రి అక్కడ మనిషిని పెట్టండి.